సుగుణ రైలెక్కిందా?

డార్విన్‌లో వాన చుట్టపుచూపుగా రాదు. పెట్టే బేడా సర్దుకుని వచ్చి తిష్ఠ వేస్తుంది. మార్చిలో ఆ వారం అలాగే వచ్చింది. దేశం దాటి వచ్చి నేను చదువుతున్న యూనివర్సిటీకి వెళ్ళే రోడ్డు మీద నీళ్ళు నిలిచాయని క్లాసులు రద్దు చేశారు. నేను అద్దెకుండే లీల ఆంటీ ఇంట్లో బూట్లకు బూజు పట్టింది, అప్పడాలు మెత్తబడ్డాయి, బాత్రూం కమోడ్‌లో ఒక పచ్చకప్ప కాపురం పెట్టింది. మొదట దాన్ని చూసి కెవ్వుమన్నాను. తర్వాత్తర్వాత "కాస్త తప్పుకోమ్మా" అని బతిమాలే దాకా వచ్చాను.

మామూలుగా అయితే అలాంటి వారం నాకు పండగే. కానీ మెడ మీద కత్తి ఉంది. పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌లో ఒక పరిశోధనా వ్యాసం చదివి, దానిమీద సమీక్ష రాయమన్నారు. రాశాను. ప్రొఫెసర్ తిప్పి పంపింది. "రచయితలు అన్నదంతా ఇందులో ఉంది. నువ్వేమన్నావు?" అని కింద ఒక్క ముక్క. సోమవారంలోగా మళ్ళీ రాయాలి. ఈసారీ తప్పితే సబ్జెక్టు పోతుంది, దాంతోపాటు ఒక ఏడాది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. నల్లగొండలో ఒకటో తరగతి నుంచి బీఎస్సీ దాకా నువ్వేమంటావని నన్ను ఒక్కరూ అడగలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తే మార్కులు. గైడులో లేని మాట రాస్తే "నీ సొంత కవిత్వం ఎవరడిగారు" అని సార్లు చీవాట్లు పెట్టేవారు. సొంత కవిత్వం గొంతులోనే నొక్కేసి గోల్డ్ మెడల్ తెచ్చుకున్నదాన్ని, ఇప్పుడు ఉన్నట్టుండి కక్కమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ వ్యాసం ఎండలో పనిచేసే కూలీల గురించి. సరిగ్గా నీళ్ళు తాగక వడదెబ్బ తింటున్నారు, కాబట్టి పనిచోట్ల నీళ్ళు తాగమని పోస్టర్లు అంటించాలని చివరి భాగంలో తేల్చారు. మళ్ళీ మళ్ళీ చదివాను. రాసినవాళ్ళు గొప్పవాళ్ళు, పట్టికలున్నాయి, అంకెలున్నాయి. అనడానికి నేనెవర్ని?

విసుగెత్తి, బీరువాలో చెమ్మెక్కిన పుస్తకాలు ఫ్యాన్ కింద ఆరబెడుతుంటే ఒక బైండు దొరికింది. ఆంటీ తెనాలిలో ఇంటర్ చదివే రోజుల్లో వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా కుట్టి, అట్ట వేసి దాచుకున్న నవల. అప్పట్లో ఆడపిల్లలందరూ అలాగే చేసేవాళ్ళట. పేజీల వెనక సబ్బుల ప్రకటనలు, సగం తెగిన జోకులు ఉన్నాయి.

మొదలుపెట్టాక అన్నం సంగతి మరిచాను. కథలో సుగుణ టెలిఫోన్ ఆపరేటర్. విశాఖకు ప్రమోషన్ మీద బదిలీ అవుతుంది. ఆమె ప్రేమించిన బాలమురళి మంచివాడే గానీ, పెళ్ళయ్యాక ఉద్యోగమెందుకు అంటాడు. చివరికి సుగుణ ప్లాట్‌ఫాం మీద నిలబడింది, హ్యాండుబ్యాగులో ఆర్డరు ఉంది, బాలమురళి మెట్లు దిగి పరుగెత్తుకొస్తున్నాడు, రైలు కూత వేసింది. ఆ తర్వాత పేజీ లేదు, అట్ట ఉంది.

వంటింట్లోకి పరుగెత్తాను.

"ఆంటీ, లాస్ట్ పార్ట్ ఏది?"

"పోయిందే. ఎన్నాళ్ళ నాటిదనుకున్నావ్," అంది ఆంటీ పెసరట్టు తిప్పుతూ. "సరే సింధుజా, నువ్వే చెప్పు. ఏం చేసుంటుంది?"

"ఎక్కుతది ఆంటీ. పక్కా ఎక్కుతది."

"ఎందుకెక్కాలి? వాడంటే ప్రాణం కదా దానికి."

"ప్రాణమే. కానీ నైట్ డ్యూటీల హెడ్‌సెట్ పెట్టుకుంటే ఊరంతా తన చేతిల ఉన్నట్టు ఉంటదని అన్నది కదా. గట్లన్న ఆమె ఎట్ల ఇడుస్తది? క్యారెక్టర్‌ని అట్ల బిల్డప్ చేసి లాస్ట్‌ల మార్చేస్తే అది చీటింగ్."

"ఎక్కడంది? చూపించు."

బైండు తెచ్చి పేజీ తీసి చూపించాను. ఆంటీ ఇంకోటి అడిగింది, ఇంకో పేజీ తీశాను. పెసరట్టు మాడింది, ఇద్దరికీ పట్టలేదు. ఇంత గట్టిగా నేను మా అమ్మతో కూడా ఎప్పుడూ వాదించలేదు.

ఈ గొడవలో ఆంటీ వాళ్ళాయన, డాక్టరు కోటేశ్వరరావు అంకుల్, హాస్పిటల్ నుంచి తడిసి ముద్దై వచ్చారు. సంగతి విని నవ్వారు.

"అదా, ఎక్కేసిందమ్మా. తర్వాత ఆ కుర్రాడే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వైజాగ్ పోయాడు. పెళ్ళైన కొత్తలో మీ ఆంటీయే చెప్పింది. మేం డార్విన్ రావడానికి కూడా అదే ఇన్‌స్పిరేషన్. ఇక్కడ ల్యాబ్‌లో జాబ్ ముందు తనకేగా వచ్చింది. వాడిలాగే నేనూ వెనకాల వచ్చేశా."

ఆయన స్నానానికి వెళ్ళాక ఆంటీ స్టవ్ కట్టేసింది.

"ఎక్కలేదే," అంది గొంతు తగ్గించి. "ఆర్డరు చింపేసి వాడి భుజం మీద వాలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారం పేజీలు తీసికెళ్ళి పొయ్యిలో పెట్టా. ఆయనకి నా ఎండింగ్ చెప్పా."

"అంకుల్‌కి ఇప్పటికీ తెల్వదా?"

"తెలియడం దేనికి? నాదే కరెక్టు. ఇప్పుడేగా పేజీలు తీసి నువ్వు ప్రూవ్ చేశావ్."

అచ్చయిన ముగింపుని, పేరున్న రచయిత రాసినదాన్ని, ఒక ఇంటర్ పిల్ల ఇది తప్పు అని పొయ్యిలో పెట్టింది. ఆ పిల్ల చెప్పిన ముగింపుని నమ్మి ఒక డాక్టరు సముద్రం దాటి వచ్చేశాడు. నేనేమో పోస్టర్లను ఒక మాట అనడానికి జంకుతున్నాను.

గదిలోకి వెళ్ళి వ్యాసం మళ్ళీ తెరిచాను. ఆంటీ అడిగినట్టే అడిగాను. ఎందుకు తాగరు? ఎక్కడన్నారు, చూపించు. మా నాన్న మేస్త్రీ. సెలవుల్లో ఆయనకు సద్ది పట్టుకెళ్ళినప్పుడు చూసేదాన్ని, ఇటుకలు మోసే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. దాహం లేక కాదు, తాగితే వెళ్ళడానికి చాటు లేక. పట్టికలన్నీ వెతికాను. ఆడవాళ్ళే తక్కువ తాగారని వాళ్ళ అంకెలే చెబుతున్నాయి. మరుగుదొడ్డి అన్న మాట మాత్రం వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే, పేజీ నంబర్లు వేసి మరీ రాసేశాను. రాస్తున్నంతసేపూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాతి వారం రోడ్డు తెరిచారు, కప్ప కాపురం ఎత్తేసింది, ప్రొఫెసర్ జవాబు వచ్చింది. "పాస్. ఇందులో సగం నేను ఒప్పుకోను. గురువారం వచ్చి నాతో వాదించు." సంతోషం పట్టలేక ఆంటీని కావలించుకున్నాను.

"అంతగా ఏం రాశావమ్మా?" భోజనాల దగ్గర అంకుల్ అడిగారు.

"వాళ్ళ లాస్ట్ పార్ట్ నచ్చలే అంకుల్. తీసేసి నాది పెట్టిన."

"అలా కూడా చేయొచ్చా?" అన్నారాయన అమాయకంగా.

ఆంటీ ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"తినండి," అంది.