లామినేషన్ చేయించిన కాగితం

నా అంత వాగుడుకాయ సత్తుపల్లిలో ఇంకొకడు ఉండడు. ఖమ్మంలో ఆరు నెలలు వెబ్ కోర్సు చేసి, 2008లో బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ పెట్టాను. వచ్చినవాళ్లందరికీ అడక్కుండానే పాఠం చెప్పేవాణ్ణి.

ఒకరోజు పెనుబల్లి దగ్గరి తండా నుంచి మోతీలాల్, అతని కూతురు సోని వచ్చారు. నర్సు ట్రైనింగు ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాలి. సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. మూడింటికి కరెంటు తీసేస్తారు, పోతే ప్రింటు రాదు కాబట్టి, నేను ముందు నింపిన ఫారం ప్రింటు తీసి చేతిలో పెట్టేవాణ్ణి, ఆ తర్వాతే పంపే బటన్ నొక్కేవాణ్ణి. ఆ రోజూ అంతే చేశాను.

"గిది యాడికి పోతది సారూ?" అన్నాడు మోతీలాల్.

ఇంకేం, అందుకున్నాను. తెర మీద కనబడే పేజీ హెచ్‌టీఎమ్ఎల్. గడులన్నీ సరిగ్గా నింపామో లేదో ఇక్కడే చూసేది జావాస్క్రిప్ట్. బటన్ నొక్కితే ఇదంతా హైదరాబాద్‌లో ఉన్న సర్వర్ అనే పెద్ద కంప్యూటర్‌కు వెళుతుంది. అక్కడి ప్రోగ్రాం దాన్ని డేటాబేస్‌లో రాసుకుంటుంది.

"అక్కడ ఎక్కితేనే లెక్క. ఇక్కడ కనబడేదంతా ఉత్తదే!" అన్నాను గొప్పగా.

టప్పున కరెంటు పోయింది. బటన్ ఇంకా నొక్కలేదు.

"అయినట్టేనా సారూ?"

"ఆఁ, అయింది, వెళ్లండి," అన్నాను. అంత వాగి, కాలేదని చెప్పడానికి నామోషీ. కరెంటు రాగానే, వివరాలు రాసుకున్న చీటీ చూసి మళ్లీ నింపి పంపుదాంలే అనుకున్నాను. పాడు కరెంటు ఆరింటికి వచ్చింది. గడువు అయిపోయింది.

మర్నాడే తండాకు వెళ్లి చెప్పాల్సింది. డిగ్రీలో చేరడానికి అప్పటికింకా వారం ఉంది, ఆ పిల్ల అందులోనైనా చేరేది. వెళ్లలేదు. సిగ్గుమాలిన వెధవను.

నెల తర్వాత హాల్ టికెట్ కోసం వచ్చారు. మోతీలాల్ ఆ ప్రింటుకు లామినేషన్ చేయించాడు. సోని తానే కూర్చుని పేరు, పుట్టిన తేదీ కొట్టింది. వివరాలు లేవని వచ్చింది. మళ్లీ కొట్టింది. లేవు.

"ఇదుంది గద అని డిగ్రీల గూడ చేరలే సార్," అంది నెమ్మదిగా.

"సర్వర్ తప్పు," అన్నాను. అయ్యో, అప్పుడు కూడా అబద్ధమే.

మోతీలాల్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితాన్ని తువ్వాలుతో తుడిచాడు.

"సర్వర్ హైదరాబాద్‌ల ఉంటదన్నవ్ గద సారూ. నేనే పోయి గీ కాయితం చూపిస్త. జర అడ్రస్ రాసియ్యి."

రాసిచ్చాను.