కోడలు పెట్టిన మందు

పరశురాములుకు మూత్రంలో నెత్తురు పడిన రోజే దుర్గవ్వకు కోడలి మీద అనుమానం పుట్టింది. నొప్పి లేదు, జ్వరం లేదు, దెబ్బ తగిలింది లేదు. బొగ్గుబాయిలో దిగి పనిచేసే దుక్కలాంటి కొడుక్కి ఉత్తపుణ్యానికి నెత్తురెందుకు పడుతుంది? ఎవరో మందు పెట్టారు. ఆ ఎవరో ఎవరని ఊరంతా వెతకాల్సిన పని లేదు. కంపెనీ క్వార్టర్లో ఉండేది ముగ్గురే.

కోడలు వనిత జమ్మికుంట పిల్ల. పెళ్లయి ఏడాది కాలేదు, అప్పుడే కడుపుతో ఉంది. మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవడానికి అన్నంలో మందు కలిపే ఆడవాళ్ల గురించి దుర్గవ్వ బోలెడు విన్నది. పైగా పరశురాములు ఈమధ్య కన్న అవ్వను, తనను, అడగకుండానే సినిమాకు పోతున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అప్పటినుంచి ఆమె చూపంతా వనిత మీదే. కూర వండితే చూసింది, చాయ్ పోస్తే చూసింది. చివరికి దొరకనే దొరికింది. కొడుకు షిఫ్టుకు బయల్దేరే ముందు వనిత అతని నీళ్ల సీసాలో తెల్లటి పొడి ఏదో పోసి, బాగా కలిపి, మూత బిగిస్తోంది. ఏమిటదని అడిగితే, ఊరికేనే, ఒంటికి మంచిదని తల తిప్పుకుంది.

మందు కక్కిస్తాడని పేరున్న అంతయ్య దగ్గరికి పోయి గోడు వెళ్లబోసుకుంది. అమావాస్యకు పిలగాణ్ణి తీసుకురమ్మన్నాడు అంతయ్య. అప్పటిదాకా కోడలి చేతి నీళ్లు ముట్టనియ్యొద్దని, అసలు నీళ్లే తగ్గిస్తే మందు ఒంట్లో పారదని కూడా చెప్పాడు. మరునాటి నుంచి దుర్గవ్వ చాటుగా ఆ సీసాను మోరీలో వంచేసి, సగానికి ఉత్తనీళ్లు పోసి సంచిలో పెట్టసాగింది. బయట ఎండలు మండిపోతున్నాయి, బాయి లోపల ఇంకా ఉక్క. నోరు ఎండుకుపోతోందని కొడుకు అంటే, మందు విరుగుతోందని లోలోపల సంబరపడింది.

వారం తిరక్కముందే పరశురాములు బాయిలో కుప్పకూలాడు. తోటివాళ్లు మోసుకొచ్చి దవాఖానలో వేశారు. మూత్రం మళ్లీ ఎర్రగానే పోయింది.

డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది, రాళ్లేమీ లేవు. నెత్తురు పరీక్ష చేయిస్తే సంగతి బయటపడింది. పరశురాములుది ఎర్రకణాలు కొడవలిలా వంగిపోగల సికిల్ సెల్ గుణమున్న నెత్తురు. జబ్బు కాదు, పుట్టుకతో తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన గుణం. చాలామందికి బతుకంతా ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఉక్కలో నీళ్లు లేకుండా ఒళ్లు వంచి పనిచేస్తే కొందరు ఇలా పడిపోతారని, కొందరికి కిడ్నీ నుంచి నెత్తురు కూడా పడుతుందని చెప్పింది. సెలైన్ ఎక్కుతోంది, తేరుకుంటాడన్నది.

వనిత అప్పుడు నోరు విప్పింది. బాయిలో కళ్లు తిరుగుతున్నాయంటే ఆశా వర్కర్ ఇచ్చిన ఓఆర్ఎస్ పొడి రోజూ కలిపిస్తున్నానని, అవ్వ పరేషాన్ అవుతుంది, చెప్పొద్దని ఆయనే అన్నాడని చెప్పింది. మంచి పని చేశావు, మరి ఒళ్లు ఇంతగా ఎందుకు ఎండిపోయిందని డాక్టరమ్మ అడిగింది.

"సీసా నేనే పారబోసిన, మందు పెడుతున్నదనుకున్న," అన్నది దుర్గవ్వ. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పరశురాములు బాపు పోయి చాలా ఏళ్లయింది కాబట్టి దుర్గవ్వ నెత్తురే పరీక్ష చేశారు. కొడుకులో ఉన్న గుణమే ఆమెలోనూ ఉంది. ఇక వనితకు కూడా చూడాలన్నారు. ఆమెలో కూడా అదే ఉంటే కడుపులో బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చి అసలు జబ్బే పట్టుకోవచ్చు.

పరీక్షకు లేచిన కోడలి ముందు దుర్గవ్వ నిలబడింది.

"గా గుణం వానికి నేనే ఇచ్చిననట బిడ్డా."

"నువ్వు తెల్వక ఇచ్చినవు అత్తమ్మా," అన్నది వనిత. "నేను తెలిసే పెడుతున్న అనుకున్నవు."

గొంతు పెంచలేదు. నర్సు వెంట లోపలికి పోయింది. దుర్గవ్వ బయట బెంచీ మీద కూలబడి, కోడలి దగ్గర ఏమీ దొరకొద్దని మొదటిసారి దేవుడికి మొక్కుకుంది.