వేలిముద్ర ఒప్పుకోని ఫోన్

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. పోయింది ఫోన్ నోరు, అదే మైకు. మార్చింది దాని తాళం. తాళం మారిస్తే నోటికి వారంటీ ఎలా పోతుంది? కాశీబుగ్గ సర్వీస్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చున్న వాణి అనే అమ్మాయిని ఈ మాట మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆ పిల్ల ఓపిగ్గానే చెప్పింది. మూడుసార్లూ నా బుర్రకెక్కలేదు.

మొదట్నించీ చెప్పాలి. నేను పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు పగలగొట్టే పని చేస్తాను. మా ఆయన ఢిల్లేశ్వరరావు గుజరాత్ రేవులో బోటు మీద వేటకి పోతాడు. సముద్రం మీదికెళ్తే ఇరవై రోజుల దాకా కబురుండదు. ఒడ్డుకొచ్చిన రోజే ఫోన్. కిందటేడు ఇంటికొచ్చినప్పుడు నాకు కొత్త ఫోన్ కొన్నాడు. సరుకు రాక అప్పుడు ఫ్యాక్టరీ మూడు వారాలు మూసేశారు. నా వేలు పట్టుకుని ఫోన్ మీద పదిసార్లు నొక్కించి, "ఇంక నీ ఏలు పెడితే సాలు, అదే తెరుసుకుంటాది," అన్నాడు. ఏదో నంబరు కూడా పెట్టానన్నాడు. నేను పట్టించుకోలేదు. వేలుండగా నంబరెందుకు?

ఆయన వెళ్లాడు, ఫ్యాక్టరీ తెరిచారు. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. ఎంత బూడిద రాసుకున్నా అది వేళ్లని తినేస్తుంది. చర్మం పొట్టులా లేచిపోతుంది, గీతలు చెరిగిపోతాయి. మా ఫ్యాక్టరీ ఆడవాళ్లకి వేలిముద్రలు పడవని రేషను డీలరుకి కూడా తెలుసు. ఫోన్ దగ్గరా అదే జరుగుతుందని నాకు మాత్రం తట్టలేదు, అదీ నా తెలివి. పదో రోజుకి అది నా వేలు ఒప్పుకోవడం మానేసింది. నంబరు చెప్పమంది. నాకు తోచిన నంబర్లన్నీ నొక్కాను. చివరికి పూర్తిగా బిగుసుకుపోయింది.

ఆయన ఒడ్డుకొచ్చి ఫోన్ చేసేదాకా ఆగితే అడిగి తెలుసుకునేదాన్నే. అన్నాళ్లు ఆగే మనిషినైతే నాకీ తిప్పలెందుకు? టెక్కలిలో మొబైల్ షాపు పెట్టుకున్న మోహన్ బావ దగ్గరికి పోయాను. మా మేనత్త కొడుకే. బావ ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి గంటసేపు కుస్తీ పట్టాడు.

"కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి వేరేది ఎక్కించినాను. ఇంక తాళం నేదు, ఏటీ నేదు. సుకంగా వాడుకో," అన్నాడు.

అందులో ఉన్న ఫోటోలన్నీ పోయాయి గానీ ఫోన్ తెరుచుకుంది. మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత చాలా నెలలు బాగానే పనిచేసింది. ఆ మధ్య మా ఆయన ఒడ్డు నుంచి ఫోన్ చేసి, "ఆ జీడి పని మానీయే," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లు ఎవరు నడుపుతున్నారనుకున్నాడు? "నా పని గురించి నీకేటి తెలుసు? నా సేతులు ఎప్పుడైనా సూసినావా? ఇంక నీతో మాటాడను, పో," అని పెట్టేశాను.

ఆయన మళ్లీ ఒడ్డుకొచ్చి ఫోన్ చేసేసరికి ఫోన్ నోరు పోయింది. నేను ఎత్తి గొంతు చించుకుని అరుస్తున్నాను, ఆయనకి ఒక్క ముక్క వినపడటం లేదు. ఆయన మాట నాకు వినపడుతోంది. "కుసుమా, ఇంకా కోపమేనా?" అన్నాడు. నేను అరుస్తూనే ఉన్నాను. "సరేలే," అని పెట్టేశాడు. పక్కింటి సన్యాసమ్మ ఫోన్ తెచ్చి చేసేసరికి స్విచ్ ఆఫ్. బోటు వెళ్లిపోయింది.

మాట్లాడనన్నది నేనే. అన్నట్టే మాట్లాడలేదని ఆయన అనుకుంటున్నాడు. అలా అనుకుంటూనే ఇరవై రోజులు సముద్రం మీద ఉన్నాడు. తలుచుకుంటే అన్నం సయించలేదు. ఈ శనివారం మళ్లీ ఒడ్డుకొస్తాడు. సన్యాసమ్మ తన ఫోన్ ఇస్తానంది. ఆవిడ పక్కన నిలబడి వింటుంటే మొగుణ్ణి బతిమాలుకోవడం నావల్ల కాదు. అందుకే గురువారం పని మానుకుని, ఫోన్ తాలూకు డబ్బా ట్రంకుపెట్టెలోంచి తీసి పట్టుకెళ్లాను. ఆ డబ్బా పాడవకూడదని కొన్నప్పుడు చీర కవర్లో చుట్టి దాచాను. ఏడాది వారంటీకి ఇంకా రెండు నెలలుంది.

వాణి ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది.

"అక్కా, దీని సాఫ్ట్‌వేర్ ఎవరో మార్చేశారు. వారంటీ రాదు."

"మా బావ తాళం తీసినాడు, అంతే. నోటి జోలికి పోనేదు."

"కంపెనీ అనుమతి లేకుండా ఏది మార్చినా మొత్తం వారంటీ పోతుందక్కా. కార్డు మీద రాసే ఉంటుంది." సొరుగులోంచి అలాంటి కార్డే ఒకటి తీసి చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు చూపించింది.

వాణి తన ఫోన్ ఇస్తే మోహన్ బావకి చేశాను. "మైకుకీ సాఫ్ట్‌వేర్‌కీ ఏటి సంబంధం? ఆల్లు తప్పించుకుంటన్నారు," అన్నాడు. ఇటు వాణి మాట వింటే ఇదే నిజమనిపిస్తుంది, అటు బావ మాట వింటే అదే నిజమనిపిస్తుంది.

నా మొహం చూసి జాలేసిందేమో, వాణి తన ఇయర్‌ఫోన్ వైరు నా ఫోన్‌కి గుచ్చి, "ఏదైనా మాట్లాడండి," అంది. ఏం మాట్లాడాలో తెలీక నా పేరు, మా వీధి పేరు చెప్పాను. రికార్డు చేసి వినిపించింది. నా గొంతు గంటలా పలికింది.

"ఈ వైరుకి వేరే మైకు ఉంటుందక్కా. దీంట్లోంచి వినపడిందంటే సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. ఫోన్లో మైకే పోయింది."

"మరయితే తప్పు మీ కంపెనీదే కదేటి. మార్సీయండి."

"నాకు తెలుసక్కా. ఈ కంప్యూటర్ ఒప్పుకోదు. ఎర్రగీత వచ్చిందంటే ఫారమే తెరుచుకోదు."

డబ్బులిస్తాను, చెయ్యమన్నాను. ముందు పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించాలట, దానికి విశాఖ పంపాలట, పదిహేను రోజులట. శనివారం ఎల్లుండే. కౌంటర్ మీద తల వాల్చేశాను.

"బిల్లుందా? సార్‌ని ఒక్కసారి అడిగి చూస్తాను," అంది వాణి.

డబ్బా తన ముందుకి తోశాను. కొన్న దగ్గర్నించీ నేను దాని మూత తియ్యనేలేదు. తను బిల్లు తీసి వెనక్కి తిప్పింది. చదివి, నా వైపు పెట్టింది. మా ఆయన వంకర అక్షరాలు. "ఫ్యాక్టరీ తెరిస్తే నీ ఏళ్లు అరిగిపోతాయి. అప్పుడు ఈ నెంబరు నొక్కు." కింద ఆరంకెలు.

ఈ మూత ఒక్కసారి తీసి ఉంటే టెక్కలి వెళ్లేదాన్ని కాదు. ఎర్రగీత వచ్చేది కాదు. అదొక్కటే అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా చేతులు చూశావా అని ఎవర్ని అడిగానో ఆ మనిషి రాసిన కాగితం అది.

సార్ కుదరదన్నాడు. నేను లేచి వచ్చేస్తుంటే వాణి ఆ వైరు నా చేతిలో పెట్టింది. "ఇది తగిలించుకుని మాట్లాడండి. నాకింకోటుంది."

శనివారం ఫ్యాక్టరీలో ఆ వైరు మెళ్లో వేసుకునే పని చేశాను. భోజనాల వేళ ఫోన్ మోగింది. గేటు బయటికి పరిగెత్తాను.

"కుసుమా..." అన్నాడు.

"మాటాడతన్నాను," అన్నాను. "బిల్లు ఎనకాల నువ్వు రాసింది మొన్న సూసినాను."

"ఏ బిల్లు?"

ఆయనకి గుర్తే లేదు. "ఫోన్‌ది. ఏళ్లు అరిగిపోతాయని రాసినావు."

"అరిగిపోతాయి కదేటే," అన్నాడు. "ఇప్పుడెలాగున్నాయి?"

బూడిద పట్టిన వేళ్లు చూసుకున్నాను. ఇరవై రోజులుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు.

"ఏటే, ఇనపడతందా?" అన్నాడు కంగారుగా.

"ఇనపడతంది," అన్నాను.