కింద పడ్డ దాణా

"నీ కోళ్లు తినేదానికంటే తొక్కేదే ఎక్కువ," అన్నాడు భర్త, పెరటి గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటూ. "మా గోదాములో ఇంత గింజ నేలపాలైతే మెమో చేతిలో పెడతాం. ఈ బస్తా కూడా నెల తిరక్కుండా అయిపోయిందంటే వీటిని ఎవరికైనా ఇచ్చేస్తాను. చెప్పలేదనకు."

ఆమె చీపురు ఆపలేదు. తడిసి ముద్దయిన దాణాను చేటలోకి ఎత్తుతోంది. ఆయన అన్నది అబద్ధం కాకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ. అత్తగారి మోకాలి ఆపరేషనప్పుడు, నాలుగు నెలలకే కదా అని స్కూలు ల్యాబ్‌లో ఉద్యోగం మానేసింది. అత్తగారు లేచి నడిచారు. నాలుగు నెలలు పదకొండేళ్లయ్యాయి. ఉద్యోగం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్లు లేరని కాదు. కళ్లజోడెక్కడ, చొక్కా ఇస్త్రీ అయిందా, పాలు పొంగుతున్నాయి చూసుకో. పొద్దుట్నుంచీ మాటలే, జవాబు అక్కర్లేని మాటలు. తన గొంతు తాను వినేది ఈ తొమ్మిది కోళ్ల దగ్గరే. "ఏమే, ఇవాళ గుడ్డు పెట్టలేదు, అలిగావా?" అంటే అవి కనీసం మెడ తిప్పి చూస్తాయి. వాటిని పంపించేస్తే ఖాళీ అయ్యేది పెరడొక్కటే కాదని ఆమెకు తెలుసు.

ఆ మధ్యాహ్నం అంట్లు అలాగే వదిలేసి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని కోళ్లు తినే తీరు చూసింది. మూడు రోజులు అదే పని. తొట్టి నేల మీద ఉంది కాబట్టి అవి అందులోకెక్కి కాళ్లతో గీరుతున్నాయి. అంచుదాకా పోసింది కాబట్టి ముక్కుతో అటూ ఇటూ విసిరి, పెద్ద గింజలు ఏరుకుని పొడి వదిలేస్తున్నాయి. మిగిలింది ఎలుకలపాలు. నాలుగో రోజున గొలుసు తెచ్చి, అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా తొట్టిని రేకుల పంచకు వేలాడదీసింది. మూడో వంతుకు మించి పొయ్యలేదు. అడుగున మిగిలిన పొడిని సాయంత్రం కాస్త తడిపి పెడితే అదీ తినేశాయి. బస్తాలో దాణాను మూతున్న డబ్బాలోకి మార్చింది. వారం తిరిగేసరికి చీపురుకు పని తప్పింది.

"చూశావా, గట్టిగా చెబితేగాని దారికి రావు," అన్నాడు భర్త. ఎలా చేశావని అడుగుతాడేమోనని ఆమె తడిచేతులతో కాసేపు అక్కడే నిలబడింది. ఆయన పేపరు తిరగేశాడు.

మరో పది రోజులకు, బూడిదరంగు పెట్టను ఎత్తుకుంటే రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంది. ఆ వారమే టీకాలు వెయ్యడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. వేలాడే తొట్టిని చూసి బాగుందంది.

"నేనే కట్టించాను. గోదాము అనుభవం," అన్నాడు భర్త.

"మంచిపని చేశారు సార్. మరి ఇదెందుకిలా చిక్కిపోయింది?"

ఆయన భార్యకేసి చూశాడు. "ఏమైంది దానికి?"

"మిగతావి దీన్ని తొట్టి దగ్గరికి రానివ్వవు డాక్టర్‌గారూ," అంది ఆమె. "ఇదెప్పుడూ చివరే. ఇన్నాళ్లూ కింద పడ్డది ఏరుకుని బతికింది. ఇప్పుడు కింద ఏమీ పడట్లేదు."

డాక్టరమ్మ పెట్టను అటూ ఇటూ తిప్పి చూసి కింద వదిలింది. "జబ్బేం లేదమ్మా. చోటు లేదు, అంతే. ఇంకో తొట్టి దూరంగా, వాటికి కనబడని చోట కట్టండి. రెండింట్లోనూ ఒకేసారి వెయ్యండి."

డాక్టరమ్మ వెళ్లాక ఆమె పాత రంగుడబ్బా కోసి స్నానాలగది గోడ వెనక కట్టింది. మొదటిరోజు బూడిదరంగు పెట్ట గింజకొకసారి వెనక్కి చూసుకుంది. నాలుగో రోజుకు తల ఎత్తకుండా తింది. దాన్ని చూస్తూ నిలబడ్డ ఆమెకు, తాను వంటగట్టు దగ్గర నిలబడి గిన్నెల అడుగులు గీకి తినడం ఎప్పుడు మొదలైందో గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు, "కోడలు ముందు కూర్చుంటే వెనకవాళ్లకేం మిగుల్తుంది?" అన్నారు. "దానికి చివర్న తినడమే ఇష్టంలేమ్మా," అని నవ్వాడు భర్త. అది తనకిష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. కూర మిగలని రోజు ఉప్పూ కారంతో సరిపెట్టుకునేది. గిన్నెలో ఏదీ వృథా కాలేదని అత్తగారు పక్కింటావిడ దగ్గర మెచ్చుకుంటే, ఆ మెప్పుకే కడుపు నిండినట్టుండేది.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు బల్ల మధ్యలో పెట్టి, మూడు కంచాలు వేసింది. తల్లీకొడుకులతో పాటే కూర్చుంది. కూర గరిటె అందుకుని ముందు తన కంచంలో వేసుకుంది.

"నీళ్లేవీ?" అన్నాడు భర్త.

"బిందెలో ఉన్నాయి."

ఆయన గ్లాసుకేసి, ఆమెకేసి చూశాడు. లేవలేదు. ఆమె కూడా లేవలేదు.

"ఎప్పుడూ మా అందరిదీ అయ్యాక తినేదానివి కదా," అన్నారు అత్తగారు. "ఒంట్లో బాలేదా అమ్మాయ్?"

"బాగానే ఉందత్తయ్యా. ఆకలేస్తోంది," అంది ఆమె.

ఇరవై నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.