పొదుగుతీగ మూడో కాయ

2024 ఆగస్టు 6, శ్రావణ మంగళవారం, ఉదయం తొమ్మిదీ పదికి గంగేకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. అప్పటికి మొగుడు జోగ పొలంలో నారు మోస్తున్నాడు. అత్త పొజ్జే వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, పొదుగుతీగ మొదట్లో చెంబెడు గోరువెచ్చని గంజి పోసి వచ్చింది. ఆ ఇంట్లో అది రోజూ చేసే పనే.

పొదుగుతీగ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెక్కడా లేదు. పొజ్జే అత్తగారి అత్త కాలం నుంచీ ఆ వసారా చూరుకే పాకుతోంది. తడినేల చల్లదనానికి గింజ కుళ్లిపోతుంది కనుక, కోడిపెట్ట గుడ్లను పొదిగినట్టు తన గింజల్ని తనే పొదగడం ఆ తీగ ఎన్ని వేల వానాకాలాలు పట్టి నేర్చుకుందో ఆ తల్లికే తెలియాలి. కాయ పెద్ద గుమ్మడంత. లోపల బూరుగుదూది లాంటి నూగు. ముదిరాక పక్కన నోరులాగా విచ్చుకుంటుంది. అందులో ఏది పెట్టినా మూసుకుని, అది పూర్తిగా ఎదిగేదాకా వెచ్చగా దాచుకుంటుంది.

ఏడాదికి మూడే కాయలు. రెండు ఇంటి అవసరానికి, మూడోది విత్తనానికి. విత్తనపు కాయలో ఇంకేదైనా పెడితే వేడంతా దానికే పోయి గింజలు పొల్లవుతాయి. పాత తీగ ఏటా ఎండిపోయేదే, కాబట్టి గింజ లేకపోతే మరి తీగ లేదు. ఆ గింజ గడప దాటకూడదని ఆ ఇంటి కట్టు. పక్కింటి ఇర్మె మూడేళ్లుగా ఒక్క గింజ అడుగుతోంది. "అమ్మవారు ఈ ఇంటికిచ్చింది ఇర్మే" అని పొజ్జే మెత్తగానే లేదనేది.

మందుల సంచితో ఊరంతా తిరిగే ఆరోగ్య కార్యకర్త, మితానిన్ సీత వచ్చి పిల్లను తూచింది. కిలో రెండొందలు. ఆసుపత్రికి పోను భేజ్జి రోడ్డెక్కాలంటే వాగు దాటాలి, వాగేమో ఒడ్డు మీదికి పొర్లుతోంది. ఫోను కలిసింది గానీ, నీళ్లు తగ్గితేనే బండి వస్తుందన్నారు.

"ఒంటికి ఒళ్లు ఆనించి పెట్టుకోవాలె పెద్దమ్మా. గంగే చూస్తే మలేరియాతోని వణుకుతాంది" అంది సీత.

"నేను పెట్టుకుంట తియ్" అని పొజ్జే పిల్లను రొమ్ముకు హత్తుకుని దుప్పటి కప్పుకుంది. గంట గడిచింది. పిల్ల పాదాలు వెచ్చబడలేదు, పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పొజ్జే చేతులు ఎప్పుడూ చల్లనే.

జోగ తడిసి ముద్దయి వచ్చాడు. అందరూ చూరు వైపు చూశారు. రెండు కాయలు బాతుగుడ్ల మీద మూసుకుని ఉన్నాయి, మూసుకున్న కాయను కోస్తే అప్పుడే చల్లారిపోతుంది. విచ్చుకుని ఉన్నది మూడోది ఒక్కటే.

"నాకు గింజ ఇచ్చుంటే ఇయ్యాల మా చూరుకు మూడు కాయలుండేయి గదక్కా" అంది ఇర్మె. దెప్పడానికి అనలేదు. అందుకే పొజ్జేకు ఎక్కువ తగిలింది.

పొజ్జే కాళ్లు కడుక్కుని, ముత్యాలమ్మకు దండం పెట్టుకుని, కాయ దగ్గరికి నడిచింది.

"అవ్వా, అది ఇత్తనపుది" అన్నాడు జోగ.

"ఎరికేరా."

"పోతే మళ్ల రాదు."

"ఈ పోరి పోతే వస్తదా?"

జోగ పక్కకు తప్పుకున్నాడు. ఇర్మె రెండు చేతులతో కాయను ఎత్తి పట్టుకుంటే పొజ్జే పిల్లను లోపలికి జార్చింది. కాయ మెడ దాకా మూసుకుని ముఖం మాత్రం బయట ఉంచింది. కాసేపటికి పెదాల్లోకి ఎరుపొచ్చింది. సీత రిజిస్టరు తీసి, బిడ్డ ఎక్కడుందన్న గడిలో ‘తీగకు’ అని రాసుకుంది.

నాలుగో రోజున వాగు తగ్గి నర్సమ్మ వచ్చింది. కాయను తట్టి చూసి, "వేడి బాగుంది, కదిలించకండి" అని, గంగేకు సూదిమందు వేసి పోయింది. గంగే పాలు పిండి చెంచాతో చుక్క చుక్క పోసేది. జ్వరం తగ్గాక పీట మీద నిలబడి రొమ్మే ఇచ్చేది. వానజల్లు కొట్టినప్పుడు జోగ గోనెపట్టా అడ్డం పట్టుకునేవాడు.

నలభై ఒకటో రోజు, ఆదివారం మధ్యాహ్నం, కాయ విచ్చుకుంది. పిల్ల రెండుంబావు కిలోలు తూగింది. పొజ్జే నూగులో వేళ్లు పెట్టి గింజలు తీసింది. ఒకటి గోటితో నొక్కింది, ఇంకోటి నొక్కింది. అన్నీ పొల్లే. తీగ అప్పటికే పసుపుబారి ఆకులు రాలుస్తోంది. ఇర్మె వచ్చి ఆ పొల్లు గింజల్ని చూసింది.

పొజ్జే మనవరాలిని ఎత్తుకుంది. ఒళ్లు వేడిగా తగిలేసరికి, "సీతా, ఓసారి చూడు" అంది. సీత పిల్ల చంకలో థర్మామీటరు పెట్టి తీసి, వెలుతురుకు పట్టి చూసింది.

"జరం గాదు పెద్దమ్మా. పొదుగు వేడి."

"మంచిది" అంది పొజ్జే. ఆ పూటకు ఆమె చేతులు చల్లబడలేదు.

తెల్లారి, ముసురు ఇంకా విడవలేదు. ఇర్మె మేక తొందరపడి ఈనింది. ఇర్మె పిడికెడంత మేకపిల్లను కొంగులో చుట్టుకుని వచ్చి గడప అవతలే నిలబడింది. దాని తల వేలాడిపోతోంది.

"గడప దాటి రా ఇర్మే" అంది పొజ్జే.

"పోరి పాలు తాగుతాంది, జరసేపు ఆగు చిన్నత్తా" అంది గంగే.

జోగ లేచి తలుపు దగ్గర బురద కాళ్లకు గోనె వేశాడు. పిల్ల తాగడం అయ్యాక, పొజ్జే చాప మీద పాత చీర పరిచి, మనవరాలిని కొంచెం గోడవైపు జరిపి, పక్కన మేకపిల్లకు చోటు చేసింది.