ఒకే ఒక్క పర్మినెంటు ఉద్యోగం

ఆమె బాత్‌రూముకు వెళ్ళొచ్చింది. చేసిన నేరం అదొక్కటే.

తిరిగొచ్చేసరికి మేనేజరు ఆమె కుర్చీని గోడవారకు నెట్టేశాడు.

"నీకు కూర్చోవడం ఇష్టం లేనట్టుంది. సాయంత్రం దాకా నిలబడే పనిచెయ్యి," అన్నాడు, హాలంతా వినపడేలా.

ఆమెకు ఆరో నెల. మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం. అక్క బల్ల అంచు పట్టుకుని, "నమస్కారమండీ, చెప్పండి," అంటూ ఫోనెత్తింది.

మేం చూశాం. చూసి తలలు దించుకున్నాం. మాది కరెంటు బిల్లుల మీద ఫిర్యాదులు వినే ఆఫీసు. ఊరందరి గోడూ వినే మాకు పక్క మనిషి గోడు వినపడలేదు. మేం టెంపరరీ వాళ్ళం. కాంట్రాక్టరు దయతలిస్తే పని, లేకపోతే ఇల్లు. పర్మినెంటు వాళ్ళ క్యాంటీనులో మాకు చోటు లేదు. మా తిండి మెట్లమీదే.

ఆ మధ్యాహ్నం అక్క మెట్లమీద గోడకు చేరగిలబడింది. వాచిన పాదాల్లోకి చెప్పుల పట్టీలు దిగబడ్డాయి. అక్కడ ఏ మాటన్నా సాయంత్రానికల్లా మేనేజరు చెవిన పడేది. ఎలాగో తెలిసేది కాదు.

ఉన్నట్టుండి బక్కోడు అన్నం డబ్బా మూసేశాడు. పుల్లలా ఉంటాడని ఆ పేరు.

"అక్కా, నేనే చెప్పాను."

"ఏం చెప్పావు?"

"నువ్వు మాటిమాటికీ లేస్తున్నావని. ఈ ఏడు ఒక్కరినే పర్మినెంటు చేస్తారట. అది నీకేరా, ఎవరేం చేస్తున్నారో నాకు చెప్తూ ఉండు అన్నాడు మేనేజరు."

"మాలో కూర్చుని మా గొంతే కోస్తావురా!" మా వాడొకడు చెయ్యెత్తి మీదికి లేచాడు.

పిన్ని అడ్డుపడింది. మా అందరిలోకీ పాతకాపు ఆమె, ఏళ్ళ తరబడి టెంపరరీయే.

"వాణ్ణి కొట్టే ముందు నీ సంగతి చెప్పు. ఆ మాట నీకు చెప్పలేదూ?"

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. "చెప్పాడు."

"నాకూ చెప్పాడు," అంది పిన్ని.

"నాకూ." "నాకూ." పై మెట్టు దాకా అదే మాట.

"ఒక్క పిల్లకి ఇంతమంది పెళ్ళికొడుకుల్ని కుదిర్చాడన్నమాట!" అన్నారెవరో.

"నన్ను మాత్రం అడగలేదు," అంది అక్క. "కడుపుతో ఉన్నదాన్ని ఎవరు చేసుకుంటారు!"

నవ్వు వచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత వాదన మొదలైంది.

"ఎదురు తిరిగితే రేపు రావద్దంటాడు. ఇంట్లో పొయ్యెలా వెలుగుతుంది?"

"నోరుమూసుకుంటే మాత్రం ఎన్నాళ్ళు ఉంచుతాడు?" అంది పిన్ని. "మనల్ని ఎప్పుడూ ఒక్కొక్కరినే గదిలోకి పిలుస్తాడు. ఎందుకో? అందరం పోతే ఆ గది పట్టదు కాబట్టి!"

"తప్పు నాది. ముందు నేను లేస్తా," అన్నాడు బక్కోడు.

"ముందూ లేదు, వెనకా లేదు. అందరం ఒక్కసారే," అంది పిన్ని.

హాల్లోకి వెళ్ళాక మా కుర్చీలన్నీ గోడవారకు నెట్టి అక్క చుట్టూ నిలబడ్డాం. ఫోన్లు మోగుతున్నాయి. ఎవరం ఎత్తలేదు.

"ఏంటీ నాటకం? కూర్చోండి!" మేనేజరు గదిలోంచి ఊడిపడ్డాడు.

"అక్క కూర్చుంటే కూర్చుంటాం."

"ఎవరు మొదలెట్టారు? చెప్పినవాళ్ళని ఇప్పుడే పర్మినెంటు చేస్తా!"

"అందరినీ ఎప్పుడో చేసేశారు కదండీ!" అన్నాడు బక్కోడు.

హాలు ఘొల్లుమంది. అటువైపు పర్మినెంటు వాళ్ళు కూడా తలలెత్తి చూశారు. ఆ నవ్వుకే మేనేజరు మొహం నల్లబడింది. పోలీసులకు ఫోను చేశాడు.

వాళ్ళు రాగానే పిన్ని వైపు వేలు చూపించాడు. ఆమెను రెక్క పట్టి లాక్కుపోయి జీపెక్కించారు. అడ్డుపోయిన బక్కోడి పెదవి చిట్లింది. జీపులోంచే పిన్ని అరిచింది: "ఎవరూ ఇళ్ళకి పోవద్దు! గేటు దగ్గరే ఉండండి!"

ఉన్నాం. అక్కను మాత్రం బలవంతాన ఇంటికి పంపితే, తెల్లారేసరికి మొగుణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

కాసేపటికి కాంట్రాక్టరు వ్యాను మా బదులు కొత్తవాళ్ళను దింపింది. మాలాంటివాళ్ళే. ఉతికి ఆరేసిన బట్టల్లో బెదురు చూపులు.

"చూస్తారేం? లోపలికి పదండి!" కాంట్రాక్టరు గదమాయించాడు.

కొందరు తలలు దించుకుని పోయారు. మేం వాళ్ళను తిట్టలేదు. ఒకమ్మాయి మాత్రం గేటు దగ్గర ఆగి, బక్కోడి పెదవి వంక చూసింది.

"ఏం జరిగిందన్నా?"

ఆమె వెనకున్నవాళ్ళూ ఆగారు. కాంట్రాక్టరు అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళు కదల్లేదు. మేం దగ్గరికి వెళ్ళి, చెప్పడం మొదలుపెట్టాం.