చుక్కలు లేని దరఖాస్తు

తెర మీద ముప్పై ఎనిమిదో నమూనా ఉంది. టైపిస్టు ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలను వేలితో పైకి నెట్టి, నల్లగా లావుగా ఉన్న పంక్తిని ఎంచుకుంది. చూపుకి అది శీర్షికే గాని కంప్యూటరుకి మామూలు వాక్యం. దాన్ని నిజమైన శీర్షికగా మార్చింది. పైనున్న బొమ్మకు ‘సంస్థ ముద్ర’ అని వివరణ రాసింది. ఉత్త ఎర్ర రంగుతో గుర్తు పెట్టిన గడుల పక్కన ‘తప్పనిసరి’ అన్న మాట చేర్చింది.

ఆఫీసులో ఆమెను మార్జినక్క అంటారు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఆమె చేతిలోంచి ఏ ఉత్తరమూ అంచు దాటి పోలేదు. మనిషి పొట్టి, కుర్చీలో దూది దిండు వేసుకుని కూర్చుంటే మడమలు నేలకు ఆనవు. టైపు మిషను రోజుల నుంచి కుడి చిటికెన వేలు కాస్త వంగిపోయింది. ఆఫీసులోని దరఖాస్తు నమూనాలన్నీ ఆమె చేసినవే. వాటిని చూసుకుని మురిసిపోయేది కూడా.

రెండేళ్ళ క్రితం ఆ మురిపెం పోయింది. టెలిఫోన్ ఆపరేటరుకి చూపు లేదు. కంప్యూటరు చదివి వినిపిస్తుంటే పని చేసుకుంటాడు. అతను పెట్టుకునే వేగానికి ఆ గొంతు ఆమెకు పేలాలు వేగుతున్నట్టు ఉంటుంది. అతనికి మూలశంక ఆపరేషను పడింది. సెలవు దరఖాస్తును చదవడం ఆ గొంతు వల్ల కాకపోయేసరికి, పక్క సీటు గుమాస్తా చేత నింపించుకున్నాడు. టీ వేళకల్లా ఆఫీసంతా గుప్పుమంది. తిరిగొచ్చాక ఎదురైన ప్రతివాడూ “కూర్చోగలుగుతున్నావా?” అని అడగడమే. అతనూ వాళ్ళతో పాటు నవ్వేశాడు. ఆమె దగ్గర మాత్రం, “నీ ఫారం నాతో మాట్లాడలేదక్కా,” అన్నాడు.

మర్నాటి నుంచే ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో నమూనా విప్పి మళ్ళీ కట్టింది. సెలవు దరఖాస్తు మాత్రం అధికారి దగ్గరుండి గీయించుకున్నది. దాన్ని ముట్టుకోనివ్వలేదు. అందుకే ముప్పై ఎనిమిదింటిలో అదే ఆఖరికి మిగిలింది. ఇవాళ ఆయన్ని అడక్కుండానే తెరిచింది.

మధ్యాహ్నం అధికారి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

“రాసే చోట చుక్కలు తీసేశారేంటండీ? బోసిగా ఉంది. పాతదే ఉంచేయండి. ఉద్యోగంలో ఆఖరి రోజు కూడా ఎందుకీ తంటా? చూడ్డానికి అది బానే ఉంది కదా!”

“చూసేవాళ్ళకి బానే ఉంది సార్. ఒక్క నిమిషం కూర్చోండి.”

పాత నమూనా తెరిచి, చదివే గొంతు వేగం తగ్గించి, స్పీకరు పెంచింది.

“పేరు,” అంది గొంతు. తర్వాత, “చుక్క. చుక్క. చుక్క. చుక్క...”

గదిలో అందరూ తలలెత్తారు. గుమాస్తా ఒక్కడు తల దించుకున్నాడు.

“ఇదెంతసేపు?” అన్నాడు అధికారి.

“పేరుకి అరవై చుక్కలు సార్. కారణానికి మూడు వరసలు.”

ఆయన ఇంకాసేపు విన్నాడు. లేచి, “కొత్తదే పంపండి. ఐదులోగా,” అని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి ఆపరేటరు తన యంత్రం ముందు కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది. సగం దాకా అతని వేళ్ళు చకచకా సాగి ఆగాయి.

“ఇక్కడేదో గడి ఉందక్కా. పేరు చెప్పట్లేదు.”

ఆమె చెవులు వేడెక్కాయి. తేదీ గడికి పేరు పెట్టడం మరిచిపోయింది. సీటుకి పోయి సరిచేసి పంపింది.

“ఇప్పుడో?”

“‘సెలవు ఎప్పటి నుంచి’ అంటోంది!”

అతను కారణం దగ్గరికి వచ్చేసరికి ఆమె తనంతట తానే కిటికీ వైపు తిరిగింది. మీటలు చాలాసేపు టకటకలాడాయి.

“పంపేశా,” అన్నాడు. “పరీక్షకి కాదు, నిజంగానే. వచ్చే వారం సెలవు కావాలి.”

“ఎందుకురా?” నోరు జారింది.

“చెప్పనక్కా,” అన్నాడు, మొహమంతా నవ్వుతో.

ఆమె కూడా పకపకా నవ్వింది.

ఐదుకి పది నిమిషాలుండగా దరఖాస్తు అన్ని శాఖలకూ వెళ్ళింది. అందరూ కలిసి తాగుదామన్న టీ అప్పటికే చల్లారిపోయింది. నిలబడే తాగేసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి “వస్తానమ్మా,” “వస్తానండీ,” అని చెప్పింది. రిజిస్టరులో సంతకం పెట్టి, సంచీ భుజాన వేసుకుని, చీకటి పడకముందే మెట్లు దిగింది.

సోమవారం కొత్త టైపిస్టు వచ్చేసరికి, ఆ కుర్చీలో ఆమె పాత దూది దిండు అలాగే ఉంది, మధ్యలో గుంట పడి.